విన్నీ విన్సెంట్ ఇన్వేజన్: రెండు ఆల్బమ్‌లతో ముగిసిన ఒక గ్లామ్ మెటల్ బృందం చరిత్ర

1980 దశకంలో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరం కేంద్రంగా విలసిల్లిన గ్లామ్ మెటల్ సంగీతంలో వందలాది వాద్యబృందాలు వెలిశాయి. వాటిలో దీర్ఘకాలం నిలిచినవి కొన్ని మాత్రమే. ఎక్కువ భాగం ఒకటి రెండు ఆల్బమ్‌లతోనే కనుమరుగయ్యాయి. అటువంటి స్వల్పాయుష్కు బృందాలలో చెప్పుకోదగినది 'విన్నీ విన్సెంట్ ఇన్వేజన్'. ఇన్వేజన్ అనగా దండయాత్ర. 1984లో రూపుదిద్దుకొని, 1986లో తొలి ఆల్బమ్‌ను, 1988లో రెండవ ఆల్బమ్‌ను వెలువరించి, అదే ఏడాది ఈ బృందం విచ్ఛిన్నమైంది. నలుగురు సభ్యులూ తమ తమ విద్యలలో ఆరితేరినవారే. ఆర్థికబలం గల సంస్థ అండ ఉంది. స్థాపకునికి అప్పటికే లోకప్రసిద్ధి ఉంది. ఇన్ని ఉండి కూడా బృందం నిలువలేకపోవడానికి గల కారణాలు తెలుసుకొనదగినవి.

గ్లామ్ మెటల్ అనగా ఏమి?

విద్యుత్ గిటార్ల హోరు, బలమైన డ్రమ్స్ దరువు, ఉచ్చస్థాయిలో సాగే గానం, వీటి కలయికయే హెవీ మెటల్. దానికి సులభంగా నాలుకపై నిలిచే పల్లవులను, కళ్ళు మిరుమిట్లు గొలిపే వేషధారణను జోడించినది గ్లామ్ మెటల్. పురుషులే పొడవాటి జుట్టును పైకి దువ్వి, స్ప్రే కొట్టి నిలబెట్టి, కళ్ళకు కాటుక, పెదవులకు రంగు, ఒంటికి మెరుపుల దుస్తులు ధరించి వేదికనెక్కేవారు. అందువల్ల దీనికి 'హెయిర్ మెటల్' అనే వేళాకోళపు పేరు కూడా తరువాత వచ్చింది.

లాస్ ఏంజెలిస్ ప్రాంతంలోని సన్‌సెట్ స్ట్రిప్ అనే వీధి ఈ సంగీతానికి పుట్టినిల్లు. అక్కడి విస్కీ ఎ గో గో, రాక్సీ వంటి క్లబ్బులలో మాట్లీ క్రూ, రాట్ మొదలైన బృందాలు తొలి కచేరీలు చేశాయి. 1981 ఆగస్టు 1న ఎం.టి.వి. అనే సంగీత టెలివిజన్ చానల్ ప్రారంభం కావడం వీరికి కలిసివచ్చింది. పాట వినడంతో పాటు చూడవలసిన వస్తువు కూడా అయింది. 1983 నవంబరులో క్వైట్ రయట్ బృందం వారి 'మెటల్ హెల్త్' బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో ప్రథమ స్థానానికి చేరింది. దానితో రికార్డు సంస్థలు ఇటువంటి బృందాల కొరకు వెతుకులాట ఆరంభించాయి. విన్నీ విన్సెంట్ ఇన్వేజన్ పుట్టుకకు భూమిక ఇదే.

స్థాపకుని పూర్వచరిత్ర

బృంద స్థాపకుడైన విన్నీ విన్సెంట్ అసలు పేరు విన్సెంట్ జాన్ కుసానో. అమెరికా తూర్పు తీరాన గల కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్ పట్టణంలో 1952 ఆగస్టు 6న జన్మించారు. యౌవనంలోనే గిటార్‌లో ప్రావీణ్యం సంపాదించి, ఇతరుల రికార్డులకు వాయించే వృత్తిలో ప్రవేశించారు. ఫెలిక్స్ కవలియర్ నెలకొల్పిన 'ట్రెజర్' బృందంలో సభ్యునిగా 1977లో ఒక ఆల్బమ్‌లో పాల్గొన్నారు. గాయకుడు డాన్ హార్ట్‌మన్ రికార్డులలోనూ ఆయన గిటార్ వినిపిస్తుంది. ఆ తరువాత 'హ్యాపీ డేస్' అనే ప్రజాదరణ పొందిన టెలివిజన్ ధారావాహికకు జీతంపై పాటలు కట్టే పనిలో కుదిరారు. 1982లో 'వారియర్' అనే బృందాన్ని మరికొందరితో కలిసి ఆరంభించారు గాని అది ఆల్బమ్ వెలువరించే దశకు చేరలేదు. ఆ బృందం కొరకు కట్టిన పాటలు మాత్రం వృథా పోలేదు. వాటి ప్రస్తావన ముందు వస్తుంది.

ఈ వివరాలను బట్టి ఆయన కేవలం వాద్యకారుడు కాదని, పాట కట్టడంలోనూ నేర్పు గలవాడని తెలుస్తున్నది. ఆయన జీవితంలోని ఎత్తుపల్లాలన్నిటికీ ఈ రెండవ విద్యయే మూలం.

'కిస్' బృందంలో రెండేళ్లు

1973లో న్యూయార్క్‌లో ఏర్పడిన 'కిస్' బృందం ముఖాలకు రంగులు పూసుకొని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, వేదికపై మంటలు ఊదుతూ ప్రదర్శనలిచ్చేది. యక్షగానంలో వేషాన్ని చూడగానే పాత్ర తెలిసినట్లే, కిస్ అభిమానులు ముఖంపై రంగును చూసి సభ్యుని గుర్తించేవారు. 1982 నాటికి ఆ బృందపు గిటారిస్టు ఏస్ ఫ్రేలీ బృందానికి దూరమయ్యారు. ఆ ఏడాది వెలువడిన 'క్రీచర్స్ ఆఫ్ ది నైట్' ఆల్బమ్ అట్టపై ఫ్రేలీ ముఖం ఉన్నది గాని, లోపల గిటార్ వాదనలో అధికభాగం విన్సెంట్‌ది. 'ఐ లవ్ ఇట్ లౌడ్' మొదలైన మూడు పాటల రచనలోనూ ఆయన భాగస్వామి. అట్టపై ఒకరు, లోపల మరొకరు అనే ఈ విచిత్రం ఆయన సొంత బృందంలోనూ మరొక రూపంలో పునరావృతమైంది.

1982 డిసెంబరులో మొదలైన పర్యటనతో ఆయన కిస్‌లో బహిరంగంగా సభ్యులయ్యారు. విన్నీ విన్సెంట్ అనే పేరు కిస్ సభ్యుడు జీన్ సిమన్స్ సూచించినది. ఈజిప్టు దేశపు ప్రాచీన జీవచిహ్నమైన 'అంఖ్'ను బంగారు వన్నెతో ముఖంపై చిత్రించే వేషాన్ని మరొక సభ్యుడు పాల్ స్టాన్లీ రూపొందించారు. 1983 జూన్‌లో బ్రెజిల్‌లో జరిగిన కచేరీలతో ఆ పర్యటన ముగిసింది. 1983 సెప్టెంబరు 18న కిస్ సభ్యులు తొలిసారిగా రంగులు లేని ముఖాలతో ఎం.టి.వి.లో దర్శనమిచ్చారు. అదే నెలలో వెలువడిన 'లిక్ ఇట్ అప్' ఆల్బమ్‌లోని 10 పాటలలో 8 పాటల రచనలో విన్సెంట్ పేరున్నది. క్షీణదశలో ఉన్న బృందానికి ఈ ఆల్బమ్ మళ్ళీ ఊపిరి పోసింది.

అయినప్పటికీ 1984 ఆరంభ మాసాలలోనే ఆయన కిస్ నుండి వైదొలగవలసి వచ్చింది. బృంద సభ్యత్వానికి సంబంధించిన ఒప్పందంపై ఆయన ఎన్నడూ సంతకం చేయలేదని సిమన్స్, స్టాన్లీ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పారు. ప్రతిఫలం, లాభాలలో వాటా విషయమై ఏకాభిప్రాయం కుదరలేదు. కచేరీలలో తనకు కేటాయించిన సమయాన్ని మించి ఏకాకి వాదన సాగించేవారన్నది వారి మరొక ఫిర్యాదు. ఆయన స్థానంలో మార్క్ సెయింట్ జాన్ చేరారు. రెండేళ్లపాటు లోకం చూసిన సభ్యునికి, సభ్యత్వాన్ని నిర్ధారించే కాగితం లేకపోయింది.

సొంత బృందం స్థాపన

కిస్ నుండి బయటపడిన విన్సెంట్ లాస్ ఏంజెలిస్‌లో సొంత బృందాన్ని కూర్చుకున్నారు. గాయకునిగా రాబర్ట్ ఫ్లైష్మన్ వచ్చారు. ఈయన 1977లో 'జర్నీ' బృందంలో కొన్ని నెలలు గాయకునిగా ఉండి, ఆ బృందానికి పేరు తెచ్చిన 'వీల్ ఇన్ ది స్కై' పాటను కట్టినవారిలో ఒకరు. బేస్ గిటార్‌కు డానా స్ట్రమ్ చేరారు. 1979లో ఓజీ ఆస్బర్న్ కొత్త గిటారిస్టు కొరకు వెతుకుచున్నప్పుడు రాండీ రోడ్స్ పేరును సూచించి, వారిద్దరినీ కలిపినది ఈ స్ట్రమ్‌యే. ప్రతిభను పసిగట్టడంలోనూ, వ్యవహార జ్ఞానంలోనూ ఆయన దిట్ట. డ్రమ్స్‌కు టెక్సాస్ రాష్ట్రపు హ్యూస్టన్ నుండి బాబీ రాక్ అనే యువకుడు వచ్చారు. ఈయన బోస్టన్‌లోని ప్రసిద్ధ బర్‌క్లీ సంగీత కళాశాలలో శిక్షణ పొందినవారు.

రికార్డు సంస్థగా 'క్రిసలిస్' ముందుకు వచ్చింది. క్రిస్ రైట్, టెర్రీ ఎల్లిస్ అనే ఇద్దరు ఆంగ్లేయులు తమ పేర్లను కలిపి ఆ సంస్థకు ఆ పేరు పెట్టారు. కిస్ మాజీ గిటారిస్టు అనే గుర్తింపు, పాటలు కట్టగల నేర్పు, గ్లామ్ మెటల్‌కు ఉన్న గిరాకీ, ఈ మూడింటినీ చూసి సంస్థ ఒప్పందం కుదుర్చుకున్నది. బృందానికి స్థాపకుని పేరే పెట్టడంలో ఆయన ఉద్దేశం స్పష్టం. కిస్‌లో పరుల ఇంట అతిథిగా ఉన్నవాడు ఇక్కడ ఇంటి యజమాని కాదలచారు.

తొలి ఆల్బమ్

1986 ఆగస్టులో తొలి ఆల్బమ్ బృందం పేరుతోనే వెలువడింది. విన్సెంట్, స్ట్రమ్ కలిసి దానిని నిర్మించారు. మొత్తం 10 పాటలు. వాటిలో 'బాయ్జ్ ఆర్ గొన్నా రాక్', 'బ్యాక్ ఆన్ ది స్ట్రీట్స్' అనేవి లోగడ వారియర్ బృందం నాటివే. రెండవ పాటను యూరప్ బృందపు గిటారిస్టు జాన్ నోరమ్ 1987లో తన సొంత ఆల్బమ్‌లో మళ్ళీ రికార్డు చేశారు. పాటకు సత్తువ ఉన్నదనుటకు ఇదొక నిదర్శనం.

ఈ ఆల్బమ్‌లో ప్రశంసకు, విమర్శకు ఒకే అంశం కారణమైంది. అది విన్సెంట్ గిటార్ వాదన. పాట పల్లవి చరణాల నడుమ గిటార్‌కు కొంత అవకాశమివ్వడం రాక్ సంగీతంలో పరిపాటి. విన్సెంట్ ఆ అవకాశాన్ని పాటంతటా పరచివేశారు. అతివేగంగా స్వరాలు కురిపించడం, తీగలను కీచుమనిపించడం, రోదవంటి నాదాన్ని సాగదీయడం ఆయన పద్ధతి. కచేరీలో స్వరకల్పన కృతికి అందమివ్వాలి గాని కృతిని మింగివేయరాదని కర్ణాటక సంగీతరసికులు అంటారు. ఈ ఆల్బమ్‌పై వచ్చిన ముఖ్య విమర్శ సరిగ్గా ఇటువంటిదే. చివరి పాట 'ఇన్వేజన్' ముగింపులో గిటార్ రొద చాలాసేపు ఆగకుండా సాగుతుంది. వేగాన్ని మెచ్చే యువ వాద్యకారులకు మాత్రం అది పాఠ్యగ్రంథమైంది. జాక్సన్ సంస్థ ఆయన కొరకు తయారుచేసిన గిటార్ రెండు 'వి' అక్షరాలను పక్కపక్కన పేర్చినట్లుండి, ఆయన పేరులోని రెండు 'వి'లను గుర్తుచేసేది.

అమ్మకాల విషయంలో ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో చోటు సంపాదించింది గాని, మొదటి యాభై స్థానాలలోకి రాలేదు. సంస్థ ఆశించిన ఘనవిజయం కాదు. అలాగని పరాజయమూ కాదు.

గొంతు ఒకరిది, ముఖం మరొకరిది

ఆల్బమ్ రికార్డింగు ముగిసిన తరువాత, పర్యటన ఆరంభం కాకముందే గాయకుడు ఫ్లైష్మన్ బృందాన్ని విడిచిపెట్టారు. వ్యాపార షరతులపై ఆయనకు సమ్మతి కుదరలేదు. ఆల్బమ్ సిద్ధంగా ఉన్నది, పాడినవాడు లేడు. ఆ స్థితిలో లాస్ వెగాస్ నగరానికి చెందిన మార్క్ స్లాటర్ అనే 22 ఏళ్ల యువకుణ్ణి తీసుకువచ్చారు. 'బాయ్జ్ ఆర్ గొన్నా రాక్' పాటకు వీడియో చిత్రీకరించినప్పుడు వినిపించే గొంతు ఫ్లైష్మన్‌ది, పెదవులు కదిపినది స్లాటర్. మన సినిమాలలో నేపథ్యగాయకుడు పాడగా నటుడు పెదవులు కలపడం అందరికీ తెలిసిన సంప్రదాయం, అందులో దాపరికం లేదు. గాయకుడే స్వయంగా పాడుతాడని నమ్మే రాక్ సంగీతంలో మాత్రం ఇది వింత.

అయితే స్లాటర్ కేవలం ముఖం చూపించడానికి వచ్చినవారు కారు. ఆయన గొంతు అతితారస్థాయికి అవలీలగా చేరేది. 1986–87 కాలంలో బృందం ఆలిస్ కూపర్, ఐరన్ మెయిడెన్ వంటి పెద్దల కచేరీలకు ముందు ప్రారంభ బృందంగా అమెరికాలో పర్యటించింది. ఫ్లైష్మన్ పాడిన పాటలను స్లాటర్ ప్రతి రాత్రి వేదికపై పాడి, ప్రేక్షకులకు దగ్గరయ్యారు. ఆ పర్యటనలలో స్లాటర్, స్ట్రమ్‌ల నడుమ మంచి స్నేహం, పనిలో పొందిక కుదిరాయి. బృందం విచ్ఛిన్నమైన తరువాత వారిని నిలబెట్టినది ఆ పొందికయే.

రెండవ ఆల్బమ్

1988 మే నెలలో 'ఆల్ సిస్టమ్స్ గో' వెలువడింది. ఇందులో గాయకుడు స్లాటరే. మొదటిదానితో పోల్చితే పాటలకు చక్కని ఆకృతి వచ్చింది. గిటార్ వేగం తగ్గలేదు గాని గానానికి చోటు పెరిగింది. 'యాషెస్ టు యాషెస్' హోరెత్తించే పాట కాగా, 'దట్ టైమ్ ఆఫ్ ఇయర్' మందగతిలో సాగే భావగీతం. ఇటువంటి మందగతి పాటలను పవర్ బల్లాడ్‌లు అంటారు. ఆ కాలంలో రేడియోలకు, తద్వారా విస్తృత శ్రోతలకు బృందాన్ని చేర్చే తాళపుచెవి అవే.

'లవ్ కిల్స్' అనే పాట 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్ 4' అనే భయానక చలనచిత్రంలో చోటు పొందింది. ఆ చిత్రం 1988 ఆగస్టు 19న విడుదలై ధనపరంగా బాగా ఆడింది. బృందానికి ఇంతటి ప్రచారావకాశం అంతకుముందు ఎన్నడూ రాలేదు. కాని చిత్రం ప్రదర్శనశాలల్లో ఆడుతున్న రోజులలోనే బృందం చివరి దశకు చేరింది. రెండవ ఆల్బమ్ కూడా అమ్మకాలలో మొదటిదానిని మించి గణనీయంగా ముందుకు పోలేదు.

విచ్ఛేదం

1988 ఆగస్టు చివరన బృందం ముగిసింది. ఒక వంక స్థాపకుడు, మరొక వంక గాయకుడు, బేస్ వాద్యకారుడు. సంగీతం ఏ దిశలో సాగాలి, ఖర్చు ఎంత, నిర్ణయం ఎవరిది అన్న విషయాలలో పొత్తు కుదరలేదు. ఈ తగాదాలో తీర్పరి సంగీతం కాలేదు, రికార్డు సంస్థ అయింది. క్రిసలిస్ సంస్థ విన్సెంట్‌ను వదులుకొని స్లాటర్, స్ట్రమ్‌లతో కొనసాగడానికి నిర్ణయించుకున్నది. బృందం పేరు విన్సెంట్‌కే మిగిలింది. ఆయన పేరే కనుక దానిని ఎవరూ తీసుకుపోలేరు. కాని ఆ పేరును నిలబెట్టే సంస్థ, గొంతు, సహచరులు అవతలి పక్షానికి చేరాయి.

స్లాటర్, స్ట్రమ్ కలిసి గిటారిస్టు టిమ్ కెల్లీ, డ్రమ్మర్ బ్లాస్ ఎలియాస్‌లను చేర్చుకొని 'స్లాటర్' అనే కొత్త బృందాన్ని ఏర్పరచారు. ఈసారి బృందానికి గాయకుని ఇంటిపేరే పేరైంది. 1990 జనవరిలో క్రిసలిస్ ద్వారానే వారి తొలి ఆల్బమ్ 'స్టిక్ ఇట్ టు యా' వెలువడింది. అది అమెరికాలో 20 లక్షల ప్రతులకు ఇచ్చే ద్విగుణ ప్లాటినమ్ గుర్తింపు పొందింది. అందులోని 'ఫ్లై టు ది ఏంజెల్స్' అనే మందగతి పాట బిల్‌బోర్డ్ పాటల పట్టికలో 19వ స్థానం వరకు వెళ్ళింది. 1991లో అమెరికన్ మ్యూజిక్ అవార్డులలో హెవీ మెటల్ విభాగపు ఉత్తమ నూతన బృందంగా వారు ఎంపికయ్యారు. విన్సెంట్ దున్నిన పొలంలో పంట ఇతరుల గాదెకు చేరినదని ఆయన అభిమానులు అంటారు. పాటకు చోటివ్వడం తెలిసినవారే గెలిచారని స్లాటర్ అభిమానులు అంటారు. రెండు మాటలలోనూ సత్యమున్నది.

తరువాతి కాలం

బాబీ రాక్ కవల సోదరుల 'నెల్సన్' బృందంలో చేరి, 1990లో వారు పొందిన ఘనవిజయంలో పాలుపంచుకున్నారు. తరువాత లీటా ఫోర్డ్ వంటి కళాకారులతో పనిచేశారు. స్లాటర్ బృందపు గిటారిస్టు టిమ్ కెల్లీ 1998 ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంలో మరణించారు. స్లాటర్, స్ట్రమ్ ఆ దుఃఖాన్ని దిగమింగి బృందాన్ని కొనసాగించారు.

విన్సెంట్ తలపెట్టిన తదుపరి ఆల్బమ్ 'గిటార్మగెడ్డాన్' ఆ కాలంలో వెలుగు చూడలేదు. అయితే పాట కట్టే విద్య ఆయనను మళ్ళీ కిస్ వాకిటికి చేర్చింది. 1992లో వెలువడిన కిస్ ఆల్బమ్ 'రివెంజ్'లో 'అన్‌హోలీ'తో సహా మూడు పాటల రచనలో ఆయన భాగస్వామి. ఆ సయోధ్య నిలువలేదు. రాయల్టీల విషయమై 1997లో ఆయన కిస్‌పై వేసిన వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగి, చివరకు ఆయనకు అనుకూలించలేదు. 1996లో 'యుఫోరియా' అనే చిన్న రికార్డు వెలువడింది. అందులో పాడినది తొలి గాయకుడు ఫ్లైష్మన్. ఆ తరువాత విన్సెంట్ బహిరంగ జీవితం నుండి పూర్తిగా తప్పుకున్నారు. సుమారు 20 ఏళ్ల అజ్ఞాతం పిదప 2018 జనవరిలో అట్లాంటాలో జరిగిన కిస్ అభిమానుల సమావేశంలో తిరిగి కనిపించినప్పుడు, ఆయనను చూడడానికి దూరదేశాల నుండి అభిమానులు వచ్చారు.

ఇక గ్లామ్ మెటల్ విషయానికి వస్తే, 1991 సెప్టెంబరులో వెలువడిన నిర్వానా బృందం వారి 'నెవర్‌మైండ్' 1992 జనవరిలో ప్రథమ స్థానం చేరడంతో అభిరుచి మారిపోయింది. సియాటిల్ నగరపు గ్రంజ్ సంగీతం ముందు మెరుపు దుస్తులు వెలవెలబోయాయి. కనుక విన్నీ విన్సెంట్ ఇన్వేజన్ 1988లో విచ్ఛిన్నం కాకపోయినా, మరి మూడు నాలుగేళ్లకు మించి దానికి అనువైన కాలం మిగిలి లేదు. పంటకాలం అతి స్వల్పం. ఆ స్వల్పకాలంలోనూ తగాదాలు తప్పలేదు.

ఒప్పంద పత్రం చేసే పని

ఈ బృంద చరిత్రలోని ప్రతి మలుపు వద్ద ఒక కాగితం కనిపిస్తుంది. కిస్‌లో సంతకం కాని ఒప్పందం, ఫ్లైష్మన్ అంగీకరించని షరతులు, క్రిసలిస్ తనకు నచ్చినవారితో కొనసాగించిన ఒప్పందం. అందువల్ల రికార్డు ఒప్పందంలో సాధారణంగా ఉండే అంశాలను తెలుసుకొనడం అవసరం.

మొదటిది అడ్వాన్సు. సంస్థ ముందుగా ఇచ్చే సొమ్ము బహుమానం కాదు. రికార్డింగు ఖర్చు, వీడియో ఖర్చులో ఒప్పుకున్న భాగం, ఇవన్నీ బృందం ఖాతాలో బాకీగా రాసి, అమ్మకాలపై బృందానికి రావలసిన వాటా నుండి మినహాయించుకుంటారు. బాకీ తీరేవరకు వాద్యకారుల చేతికి రాయల్టీ రాదు. ఆల్బమ్ బాగా అమ్ముడైనా బృందం అప్పులలోనే ఉండే సందర్భాలు ఈ కారణంగానే ఏర్పడతాయి.

రెండవది రచనా హక్కు. పాట కట్టినవారికి ప్రతి ప్రతిపై వేరుగా ప్రతిఫలం వస్తుంది. అమెరికా చట్టం ప్రకారం 1986లో ఇది పాట ఒక్కింటికి ప్రతి ప్రతిపై 5 సెంట్లు, 1988లో 5.25 సెంట్లు. ఎందరు కలిసి కట్టితే అందరూ దానిని పంచుకోవాలి. ఇది అడ్వాన్సు బాకీతో ముడిపడనిది కనుక వాయించినవాని కంటె, పాడినవాని కంటె రచనలో పేరున్నవాని ఆదాయమే చిరకాలం నిలుస్తుంది. 10 పాటలలో 8 పాటలకు పేరున్న వ్యక్తి కిస్‌తో వాటా విషయమై పట్టుబట్టడంలోని అంతరార్థం ఇదే.

మూడవది పేరుపై హక్కు. బృందం చీలినప్పుడు పేరు ఎవరిది అన్నది ముందుగా రాసుకొనకపోతే న్యాయస్థానం మెట్లెక్కవలసిందే. నాల్గవది విడిపోయే సభ్యునికి సంబంధించిన షరతు. బృందం నుండి ఎవరు వెళ్ళిపోయినా, వారిలో తనకు కావలసినవారిని తన వద్దనే ఉంచుకునే హక్కును సంస్థలు సాధారణంగా ఒప్పందంలో రాయించుకుంటాయి. ఒక బృందం మరణించినా సంస్థ నష్టపోకుండా కాపాడేది ఈ షరతే.

అంచనా

విన్నీ విన్సెంట్ ఇన్వేజన్ మిగిల్చినవి రెండు ఆల్బమ్‌లు, సుమారు ఇరవై పాటలు. వాటిని నేటికీ వేగవాదనలో ఒక కొలమానంగా గిటార్ విద్యార్థులు వింటున్నారు. ఈ బృందానికి ప్రతిభ కొరవడలేదు. కొరవడినవి రెండు. ఒకటి, పాటలో ఒకరికొకరు చోటివ్వడం. రెండవది, వాటాలను స్నేహం చెడకముందే కాగితంపై పెట్టుకొనడం. మొదటిది లేక బృందం లోపల ఇరుకైంది. రెండవది లేక చీలికనాడు నిర్ణయాధికారం బయటివారి చేతికి పోయింది.

ఈ విషయం లాస్ ఏంజెలిస్‌కే పరిమితం కాదు. నేడు పల్లెలలోని జానపద గాయకులు, భజన బృందాల వారు, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల యువకులు యూట్యూబ్ చానళ్ల కొరకు, ఆడియో సంస్థల కొరకు పాడి సంతకాలు చేస్తున్నారు. సరిహద్దు గ్రామాలలో ఆ కాగితం తరచుగా ఆంగ్లంలోనో, రాష్ట్రభాషలోనో ఉంటుంది, చేసే సంతకం మాత్రం తెలుగులో ఉంటుంది. పాట ఎవరి పేరున నమోదవుతుంది, డబ్బు ఎప్పుడు ఎంత వస్తుంది, బృందం విడిపోతే పేరు ఎవరిది, ఈ మూడు ప్రశ్నలకు సమాధానం ఇంటిల్లిపాదికీ తెలిసిన భాషలో చదివించుకొని విన్న తరువాతనే కలం పట్టడం శ్రేయస్కరం.

సంక్షిప్త వివరాలు

బృందం పేరు: విన్నీ విన్సెంట్ ఇన్వేజన్
స్థలం: లాస్ ఏంజెలిస్, కాలిఫోర్నియా, అమెరికా
కాలం: 1984–1988
సంస్థ: క్రిసలిస్
గిటార్: విన్నీ విన్సెంట్
గానం: రాబర్ట్ ఫ్లైష్మన్ (తొలి ఆల్బమ్), మార్క్ స్లాటర్ (పర్యటనలు, రెండవ ఆల్బమ్)
బేస్ గిటార్: డానా స్ట్రమ్
డ్రమ్స్: బాబీ రాక్
ఆల్బమ్‌లు: విన్నీ విన్సెంట్ ఇన్వేజన్ (1986), ఆల్ సిస్టమ్స్ గో (1988)
దీని నుండి పుట్టిన బృందం: స్లాటర్ (తొలి ఆల్బమ్ 1990)